గేటు దాటాక మొదలయ్యే లెక్క
కెనడాలో బాల నేరస్థులకు వ్యసన చికిత్స: ఒక చరిత్ర

కెనడాలో బాల నేరస్థుల కథ చెప్పబూనిన వారెవరైనా 1849 నాటి ఒక నివేదిక దగ్గర ఆగక తప్పదు. కింగ్‌స్టన్ కారాగారంలో జరుగుతున్న అఘాయిత్యాల మీద అంతకు ముందు ఏడాది ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. దానికి కార్యదర్శి జార్జ్ బ్రౌన్. 'గ్లోబ్' పత్రిక స్థాపకుడు, తర్వాతి కాలంలో ఈ దేశ నిర్మాతల్లో ఒకరు. ఆ సంఘం జైలు శిక్షల పుస్తకాలు తెరిపించి లెక్క వేసింది. ఏడేళ్ల శిక్ష పడి వచ్చిన ఒక పదేళ్ల కుర్రవాణ్ణి ఎనిమిదిన్నర నెలల్లో 57 సార్లు కొరడాతో కొట్టినట్టు తేలింది. వాడు చేసిన తప్పులు దిక్కులు చూడటం, నవ్వడం వంటివి. అప్పటిదాకా కారాగారం సవ్యంగానే నడుస్తోందని అధికారులు చెబుతూ వచ్చారు. పుస్తకం తెరిచి లెక్కపెట్టిన తర్వాతే అసలు సంగతి బయటపడింది.

ఈ వ్యాసం ఆ లెక్కపెట్టడం గురించి. నేరం చేసి నిర్బంధంలోకి వెళ్లిన పిల్లలకు మత్తు అలవాటు మాన్పించే చికిత్స ఇస్తున్నామని ప్రభుత్వాలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఆ చికిత్స పని చేసిందో లేదో ఎవరు చూశారు, ఎలా చూశారు, ఏం తేల్చారు? మన సంఘాల సంచికల్లో పిల్లల మాట వచ్చినప్పుడు సాధారణంగా తెలుగు బడి, కూచిపూడి అరంగేట్రం, విశ్వవిద్యాలయ ప్రవేశం గురించి రాసుకుంటాం. అవి రాసుకోవలసినవే. అయితే అదే ఊళ్లో, అదే బడిలో చదివే పిల్లల్లో కొందరి దారి కోర్టు గుమ్మం మీదుగా పోతుంది. వారిలో మన పిల్లలు ఉండరని పూచీ ఏమీ లేదు. అందుకే ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

1908: ఒకే ఏడాది, మూడు నిర్ణయాలు

బ్రౌన్ నివేదిక తర్వాత పిల్లలను పెద్దల జైళ్లలో ఉంచకూడదన్న ఆలోచన బలపడింది. 1857లో చట్టం వచ్చింది. 1858లో క్యూబెక్ వైపు ఐల్-ఓ-న్వా దీవిలోని పాత కోటలో, 1859లో ఒంటారియో వైపు పెనెటాంగ్విషీన్‌లోని పాత సైనిక శిబిరంలో సంస్కరణాలయాలు తెరిచారు. పేరు మారింది. గోడలు మాత్రం కోట గోడలే.

నిజమైన మలుపు 1908లో వచ్చింది. జె.జె. కెల్సో అనే పాత్రికేయుడు అప్పటికి రెండు దశాబ్దాలుగా పిల్లల కోసం పోరాడుతున్నాడు. ఆయనా వలస వచ్చినవాడే. ఐర్లండ్‌లో పుట్టి, చిన్నతనంలో టొరంటో చేరాడు. 1891లో అక్కడ బాలల సహాయ సంఘాన్ని స్థాపించాడు. ఆయన వంటి వారి కృషి వల్ల 1908లో బాల నేరస్థుల చట్టం వచ్చింది. నేరం చేసిన పిల్లవాణ్ణి నేరస్థుడిగా గాక, దారి తప్పిన బిడ్డగా చూసి చేయూతనివ్వాలన్నది దాని సారాంశం. కన్నతండ్రి చేయవలసిన పని న్యాయమూర్తి చేస్తాడన్నమాట.

సరిగ్గా అదే ఏడాది నల్లమందు చట్టం కూడా వచ్చింది. 1907 సెప్టెంబరులో వాంకూవర్‌లో తెల్లవారి మూకలు చైనా, జపాన్ వారి పేటల మీద పడి విధ్వంసం చేశాయి. నష్టపరిహారం తేల్చడానికి వెళ్లిన అధికారి మెకంజీ కింగ్, తర్వాతి కాలపు ప్రధానమంత్రి. పరిహారం అడిగిన వారిలో నల్లమందు తయారీదారులు కూడా ఉండటం ఆయన కంటబడింది. ఆయన నివేదిక పర్యవసానమే ఆ చట్టం. అదే 1908లో, స్వదేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా ప్రయాణించి వచ్చిన వారినే దింపుకోవాలన్న నిబంధన పెట్టి భారతీయుల రాకకు తలుపు మూశారు.

అలా ఒకే ఏడాదిలో ఈ దేశం మూడు నిర్ణయాలు తీసుకుంది. పిల్లవాణ్ణి బిడ్డగా చూడాలన్నది ఒకటి. మత్తుమందును నేరంగా చూడాలన్నది రెండోది. మనలాంటి వారిని అనుమానంగా చూడాలన్నది మూడోది. మొదటి రెండింటి మధ్య ఉన్న వైరుధ్యం అప్పుడు ఎవరికీ తట్టలేదు. మత్తుకు అలవాటు పడిన పిల్లవాడు బిడ్డా, నేరస్థుడా? ఆ ప్రశ్న అరవై ఏళ్ల తర్వాత తలుపు తట్టింది.

ఈ నడుమ కాలంలో 'శిక్షణ పాఠశాలలు' అనే పేరుతో సంస్థలు నడిచాయి. ఒంటారియోలో ఏ నేరమూ చేయకపోయినా, మాట వినని పిల్లలని చెప్పి కూడా అక్కడికి పంపేవారు. లోపల జరిగిన అత్యాచారాలు దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి. గ్రాండ్‌వ్యూ అనే బాలికల శిక్షణ పాఠశాల బాధితులకు ఒంటారియో ప్రభుత్వం 1999లో శాసనసభలో క్షమాపణ చెప్పింది. మంచి ఉద్దేశమే చాలుననుకుని, లోపల ఏం జరుగుతోందో చూడటం మానేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

'చికిత్స' అన్న మాట వచ్చింది

1960లలో మత్తుమందుల వాడకం యువతలో పెరిగేసరికి, జైలుకు బదులు వైద్యం అన్న వాదం మొదలైంది. 1966లో బ్రిటిష్ కొలంబియాలో మాట్స్‌క్వీ అనే సంస్థను ఫెడరల్ ప్రభుత్వం ప్రత్యేకంగా మత్తుమందు వ్యసనపరులైన ఖైదీల కోసం తెరిచింది. వారిలో కొందరికి గట్టి చికిత్స ఇచ్చి, మిగతా వారితో పోల్చి చూశారు. 1972లో వెలువడిన ఫలితాలు చికిత్స చేసిన వారిని నిరాశపరిచాయి. ఆ పరీక్ష పిల్లల మీద కాదు గాని, ఈ దేశంలో జైలు గోడల మధ్య వ్యసన చికిత్సను నిజాయితీగా తూచి చూసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

1969 నుంచి 1973 దాకా జెరాల్డ్ లె డెయిన్ అధ్యక్షతన ఒక విచారణ సంఘం దేశమంతా తిరిగి, మత్తుపదార్థాల వాడకంపై యువత చెప్పేది విన్నది. శిక్షలు తగ్గించాలన్న దిశగా సిఫార్సులు చేసింది. బ్రిటిష్ కొలంబియా మాత్రం ఎదురు దారి పట్టింది. 1978లో హెరాయిన్ చికిత్స చట్టం తెచ్చి, వ్యసనపరులకు బలవంతంగానైనా మూడేళ్ల దాకా చికిత్స చేయవచ్చంది. అందుకోసం నానైమో దగ్గర బ్రానన్ లేక్‌లో, ఒకప్పుడు మగపిల్లల సంస్కరణాలయంగా ఉన్న చోటును సిద్ధం చేశారు. చట్టం కోర్టుకెక్కింది. 1982లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తీర్పు చెప్పింది. అప్పటికే ఆ కార్యక్రమం అటకెక్కింది. చట్టం నెగ్గింది, చికిత్స మాత్రం జరగలేదు.

ఏదీ పని చేయదా?

1974లో న్యూయార్క్ నుంచి ఒక పిడుగు పడింది. రాబర్ట్ మార్టిన్‌సన్ అనే పరిశోధకుడు, ఖైదీలను బాగుచేసే కార్యక్రమాలపై వచ్చిన 231 అధ్యయనాలను పరిశీలించిన మీదట ఒక వ్యాసం ప్రకటించాడు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప వీటివల్ల ఒరిగిందేమీ లేదన్నది అందరూ దాని నుంచి తీసుకున్న సారం. ప్రభుత్వాలకు అది వరంలా దొరికింది. ఎలాగూ బాగుపడనప్పుడు ఖర్చెందుకు, తాళం వేసి ఉంచితే చాలదా అన్నారు.

దీనికి గట్టి జవాబు కెనడా నుంచి వచ్చింది. ఒంటారియో జైళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తగా పని చేసిన పాల్ జాండ్రో, రాబర్ట్ రాస్‌తో కలిసి 1979లో, పని చేసిన కార్యక్రమాలు ఎన్ని ఉన్నాయో చూపించాడు. మార్టిన్‌సన్ కూడా అదే ఏడాది తన మాటను చాలావరకు సవరించుకున్నాడు. తర్వాత డాన్ ఆండ్రూస్, జేమ్స్ బొంటా, రాబర్ట్ హోజ్ 1990లో మూడు సూత్రాలు చెప్పారు. మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికే ఎక్కువ సేవ ఇవ్వాలి. నేరానికి నేరుగా కారణమయ్యే అవసరాలను, ఉదాహరణకు మత్తు అలవాటును, పట్టుకోవాలి. ఆ మనిషికి తలకెక్కే తీరులో చెప్పాలి. ఈ సూత్రాలే నేడు అనేక దేశాల్లో వాడుకలో ఉన్నాయి. హోజ్, ఆండ్రూస్ పిల్లల కోసం తయారు చేసిన కొలమానంలో ఎనిమిది అంశాలుంటే, మత్తుపదార్థాల వాడకం అందులో ఒకటి.

ఆండ్రూస్ బృందం 1990లోనే మరో సంగతి గమనించింది. దాన్ని ప్రభుత్వాలు అంతగా చెవికెక్కించుకోలేదు. ఒకే రకం చికిత్స ఇంటిపట్టున ఉండగా ఇస్తే కలిగే మేలు, నిర్బంధంలో ఇస్తే తగ్గుతుంది. పద్ధతి తప్పుగా ఉంటే నిర్బంధంలో కీడు కూడా జరుగుతుంది. ఎందుకన్నది తర్వాతి పరిశోధనలు కొంత తేల్చాయి. దారి తప్పిన పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెడితే వారు చికిత్సకుడి దగ్గర కన్నా ఒకరి దగ్గర ఒకరు ఎక్కువ నేర్చుకుంటారని 1999లో థామస్ డిషియన్ బృందం ఒక వ్యాసంలో చూపించింది. అందులో క్యూబెక్ పరిశోధకుడు ఫ్రాన్స్వా పూలాన్ ఉన్నారు. మాంట్రియాల్‌లో పేద కుటుంబాల మగపిల్లలను చిన్ననాటి నుంచి పెద్దయ్యే దాకా గమనించిన మరో అధ్యయనం 2009లో వెలువడింది. బాల న్యాయస్థానం జోక్యం ఎంత కఠినంగా ఉంటే, పెద్దయ్యాక మళ్లీ కోర్టు మెట్లెక్కే అవకాశం అంత పెరిగిందని అందులో తేలింది. ఆరు నెలల సావాసానికి వారు వీరవుతారని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఒంటారియోలో రెండు పరీక్షలు

1984 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన యువ నేరస్థుల చట్టం పాత 'దారి తప్పిన బిడ్డ' భావనను పక్కన పెట్టి, 12 నుంచి 17 ఏళ్ల వారికి బాధ్యతలతో పాటు హక్కులూ ఉన్నాయంది. కోర్టు చికిత్సకు ఆదేశించాలంటే పిల్లవాడి సమ్మతి కావాలంది. ఆ రకం ఆదేశాన్నే 1995లో తీసేశారు. 1990లలో నేరాల భయం పెరిగి, కఠినంగా ఉండాలన్న గొంతులు గట్టిపడ్డాయి.

ఆ వాతావరణంలో ఒంటారియో 1997లో బారీ సమీపంలో సైనిక పద్ధతి శిబిరం తెరిచింది. నడిపింది ప్రైవేటు సంస్థ. తెల్లవారుజామున లేపడం, కవాతు, కఠిన క్రమశిక్షణ. 2001లో పూర్తయిన మదింపులో, అక్కడి నుంచి వచ్చిన పిల్లలకు, మామూలు సంస్థల నుంచి వచ్చిన వారికి మధ్య కనిపించిన తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి వీల్లేకపోయింది. రాజకీయ నాయకులు విజయమన్నారు, గణాంకం అనలేదు. కొన్నేళ్లకే శిబిరం మూతబడింది.

రెండో పరీక్ష ఇంతకన్నా విలువైనది. అమెరికాలో స్కాట్ హెంగెలర్ రూపొందించిన ఒక పద్ధతికి అప్పట్లో గొప్ప పేరుంది. పిల్లవాణ్ణి తీసుకెళ్లి ఎక్కడో పెట్టకుండా, చికిత్సకుడే ఇంటికి వచ్చి తల్లిదండ్రులతో, బడితో, ఇరుగుపొరుగుతో కలిసి పని చేస్తాడు. మత్తు అలవాటున్న బాల నేరస్థుల మీదా దాన్ని వాడారు. దీన్ని లండన్, మిసిసాగా, ఒటావా, సిమ్కో కౌంటీలలో 1997 నుంచి పరీక్షించారు. అలన్ లెషీడ్, అలిసన్ కన్నింగ్‌హామ్ ఆధ్వర్యంలో 409 కుటుంబాలను తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు కొత్త పద్ధతి, మరో జట్టుకు ఊళ్లో అప్పటికే ఉన్న మామూలు సేవలు. 2002లో ఫలితం ప్రకటించారు. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీన్ని ఓటమి అనుకోకూడదు. కెనడాలో మామూలు సేవలే అమెరికా కన్నా మెరుగ్గా ఉండటం వల్ల తేడా కనిపించి ఉండకపోవచ్చని ఒక వివరణ. అది ఎంతవరకు నిజమైనా, పొరుగింటి పుల్లకూర రుచి అని తెచ్చుకున్న దాన్ని ముందు తూచి చూసి, ఫలితం నచ్చకపోయినా దాచకుండా అచ్చువేయడం చిన్న విషయం కాదు.

ఏది కొలవాలి?

లోపలి చికిత్సను కొలవడం ఇంత కష్టం ఎందుకో పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి. నిర్బంధంలో పిల్లవాడికి మత్తు దొరకడం కష్టం. కాబట్టి లోపల ఉన్నంత కాలం మూత్ర పరీక్ష బాగానే వస్తుంది. దాన్ని చికిత్స గెలుపుగా చూపితే, ఉపవాసం ఉన్నవాడికి ఆకలి తగ్గిందన్నట్టే ఉంటుంది. అసలు లెక్క గేటు దాటిన రోజున మొదలవుతుంది.

మధ్యలో మానేసిన వారి సంగతి ఇంకో చిక్కు. పూర్తి చేసిన వారిని మాత్రమే లెక్కించి, నూటికి ఇంతమంది బాగుపడ్డారని చెప్పే నివేదికలు చాలా ఉంటాయి. పట్టుదల ఉన్నవాడే చివరిదాకా ఉంటాడు. వాడు చికిత్స లేకపోయినా బాగుపడేవాడేమో. అందుకే పోల్చడానికి మరో జట్టు కావాలి. శిక్షలు చిన్నవి, పిల్లల సంఖ్య తక్కువ, పద్దెనిమిది దాటగానే వారు పెద్దల వ్యవస్థలోకి పోతారు, పిల్లల రికార్డులు గోప్యం. ఆ గోప్యత వారి మేలు కోరి పెట్టిందే అయినా, ఏళ్ల తరబడి వెంట ఉండి చూడటాన్ని కష్టం చేస్తుంది.

ఇక ఏది కొలవాలన్న ప్రశ్న. మళ్లీ అరెస్టు కాలేదంటే మానేశాడనా, దొరకలేదనా? పూర్తిగా మానలేదు గాని, వారానికి ఒకసారికి తగ్గించి బడికి వెళ్తున్న పిల్లవాడు ఓడినట్టా, గెలిచినట్టా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడిన ఆడవాళ్లను తలచుకుంటే ఈ ప్రశ్న మనకు సులువుగా అర్థమవుతుంది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ప్రభుత్వానికి మూసిన దుకాణాలు ఒక లెక్క. కూలి డబ్బు ఇంటికి వచ్చిందా లేదా అన్నది ఇల్లాలికి లెక్క. కొలత ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఎవరి పిల్లలు?

2003 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన యువ నేర న్యాయ చట్టం, హింసాత్మకం కాని నేరాలకు పిల్లలను అతిగా నిర్బంధించడం తగ్గించాలని పీఠికలోనే రాసుకుంది. వైద్యమో, సంరక్షణో దొరకడం లేదన్న కారణంతో దానికి బదులుగా నిర్బంధం వాడరాదని న్యాయమూర్తులను కట్టడి చేసింది. ఫలితంగా లోపల ఉన్న పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. 2014లో విక్టోరియా కేంద్రాన్ని మూసేస్తామని బ్రిటిష్ కొలంబియా, 2021లో 26 కేంద్రాలను మూసేస్తామని ఒంటారియో ప్రకటించాయి.

తగ్గిన భారం అందరికీ సమానంగా తగ్గలేదు. 2018-19లో యువ నేరస్థుల సంస్థల్లో, పర్యవేక్షణలో చేరిన వారిలో సుమారు 43 శాతం ఆదివాసీ పిల్లలు. యువతలో వారి వాటా పదో వంతు కూడా లేదు. తరతరాలుగా పిల్లలను ఇళ్ల నుంచి లాక్కెళ్లిన వసతి బడుల చరిత్ర ఆ అంకె వెనుక ఉంది. సత్య, సయోధ్య సంఘం 2015లో, ఈ అసమానతను పదేళ్లలో తుడిచివేయాలని కోరింది. ఆ పదేళ్లూ గడిచిపోయాయి, గడువు దాటినా పని పూర్తి కాలేదు. అటువంటి పిల్లవాడికి ఇంటినీ, భాషనూ మరచి చేసే చికిత్స ఎంత శాస్త్రీయమైనా అతకదు. తలకెక్కే తీరులో చెప్పాలన్న మూడో సూత్రానికి అర్థం ఇదే.

మొదటి రెండు వారాలు

ఇదంతా పాత పంచాయితీ కాదనడానికి కారణం ఫెంటనిల్. 2016 ఏప్రిల్‌లో బ్రిటిష్ కొలంబియా ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అప్పటి నుంచి కెనడాలో ఈ రకం మందుల వల్ల చనిపోయిన వారు 50 వేలు దాటారు. కొన్నాళ్లు మత్తుకు దూరంగా ఉన్న శరీరం తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోతుంది. బ్రిటిష్ కొలంబియాకు పొరుగునే ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన పెద్దల మీద 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాల్లో మరణించే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 12 రెట్లు దాటింది. అందుచేత లోపల మత్తు మాన్పించి, బయట ఏ ఏర్పాటూ లేకుండా వదిలే చికిత్స పని చేయకపోవడంతో ఆగదు, ప్రాణం మీదికి తెస్తుంది.

దిక్కుతోచని తల్లిదండ్రులు బలవంతపు చికిత్స కోరడం సహజం. ఆల్బర్టాలో 2006 జూలైలో అమల్లోకి వచ్చిన చట్టం, తల్లిదండ్రులు కోర్టును ఆశ్రయించి పిల్లలను కొద్ది రోజులు రక్షిత గృహంలో ఉంచే వీలు కల్పించింది. మొదట ఐదు రోజులు, తర్వాత పది చేశారు. సస్కాచువాన్, మానిటోబాలలో కూడా ఇటువంటి చట్టాలున్నాయి. 2025లో ఆల్బర్టా మరో అడుగు ముందుకేసి, పెద్దలకూ వర్తించే నిర్బంధ చికిత్స చట్టం చేసింది. ఇవి మంచివా కావా అన్న వాదన నడుస్తోంది. ఈ చరిత్ర చదివిన వారు అడగవలసిన ప్రశ్న ఒకటే: పదకొండో రోజున పిల్లవాడు ఎక్కడ ఉంటాడు, ఎవరు చూస్తారు?

మన కుటుంబాలకు అలవాటైన ఒక పని ఇక్కడ చెప్పక తప్పదు. సంగతి బయటపడితే పరువు పోతుందని, అక్క పెళ్లి ఆగిపోతుందని, గుట్టుగా ఉంచుతాం. పిల్లవాణ్ణి ఇండియాకు, తాతగారింటికి పంపేస్తాం. గుట్టు వల్ల పోయేది కాలం. ఇంటిపట్టున ఉండగా అందే సాయమే నిర్బంధంలో అందే దాని కన్నా ఎక్కువ మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నప్పుడు, మనం దాచిన ప్రతి నెలా ఆ మెరుగైన అవకాశాన్ని కరిగిస్తుంది.

ఏ చికిత్స కేంద్రం గుమ్మం తొక్కినా, ఎంత అందమైన పుస్తకం చేతికిచ్చినా, నాలుగు మాటలు అడుగుదాం. మధ్యలో మానేసిన వారిని లెక్కలో కలిపారా? ఎవరితో పోల్చి చూశారు? వెళ్లిపోయాక ఎన్నాళ్లు వెంట ఉండి చూశారు? విడుదలైన మర్నాడు మా వాడు ఎవరికి ఫోన్ చేయాలి? మొదటి మూడింటికి జవాబు లేకపోతే ఆ కేంద్రం చెప్పే గొప్పలు నమ్మనక్కరలేదు. నాలుగోదానికి ఒక పేరు, ఒక నంబరు కాగితం మీద రాసిచ్చే దాకా ఆ కుర్చీలోంచి లేవకూడదు.